మనోవ్యథకు మాటల చికిత్స

వరి యాకు పసుపు వన్నెకు తిరిగినచో రైతు ఆ దినముననే దానిని కోసికొని మాయొద్దకు వచ్చును. ఎద్దు మేత మానినచో పశువైద్యునికై పరుగిడును. కాని రెండు నెలలనుండి తనకు నిద్ర పట్టకున్నను, అన్నము సహింపకున్నను ఇంటివారికైనను చెప్పడు. ఈ మౌనమే మిక్కిలి ప్రమాదకరమని మా యభిప్రాయము.

గత సంవత్సరము మేము సహకార అపెక్స్ బ్యాంకు పనిమీద హైదరాబాదు పోయి, ట్రూప్ బజారునుండి ఆబిడ్స్ మీదుగా నాంపల్లి స్టేషనునకు నడచి వచ్చితిమి. అచ్చట బల్లపై మాకు తెలిసిన రైతొకడు కూర్చుండియుండెను. గుండెదడకు పరీక్షలు చేయించుకొన వచ్చెనట. గుండెలో దోషము లేదనియు, అది మనోవ్యాకులతయనియు, ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు పోయి మాటలాడుమనియు వైద్యుడు చెప్పెనట. "అయ్యా, ఎర్రగడ్డకు పోవుటకు నేను పిచ్చివాడనా? మాటలతో రోగము కుదురునా?" అని యతడు మమ్మడిగెను. రైలు వచ్చువరకు మేము వినుచు కూర్చుంటిమి. సంఘము పంపిన నోటీసును విప్పకయే పెట్టెలో దాచిన సంగతి యప్పుడు బయటపడెను.

అతని ప్రశ్నకు మా ప్రత్యుత్తరమిది. క్రొత్త యెరువు గుణమును ప్రక్కప్రక్క మడులలో చూచినగాని మనము నమ్మము. అట్టి పరీక్షయే గోవాలోని ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో జరుగగా, ఫలితము 2017లో వెల్లడియైనది. తీవ్రమైన దిగులుతో బాధపడువారిలో కొందరికి మామూలు వైద్యమును, కొందరికి దానితోపాటు మాటల చికిత్సను ఇచ్చిరి. చికిత్స చేసినవారు వైద్యులు కారు. శిక్షణ పొందిన స్థానికులు. ఆరు మొదలు ఎనిమిది పర్యాయములు కూర్చుండి మాటలాడిరి. మూడు నెలలకు మాటల చికిత్స పొందినవారిలో నూటికి 64 మందికి, తక్కినవారిలో 39 మందికి వ్యాధి నెమ్మదించెను.

ఇది వట్టి యూరడింపు కాదు. దిగులుగలవాడు పని మానును. పని మానినకొలది దిగులు హెచ్చును. కావున మొదట చేనిగట్టువరకు నడచుటవంటి చిన్న పనిని నిర్ణయించి, మరువారము దాని ఫలితమును విచారింతురు. భయము గలవానికి తన తలంపు ఎంతవరకు నిజమో పరీక్షించుకొనుట నేర్పి, తప్పించుకొనుచున్న పనిని కొంచెము కొంచెముగా చేయింతురు. కొందరికి మందులును వలయును. అది వైద్యుడు నిర్ణయించును. వైద్యశాలకు పోయినవారెల్లరు అచ్చటనే యుండనక్కరలేదు. మాటలాడి యదే దినమున ఇల్లు చేరవచ్చును.

మాటలవలన అప్పు తీరునా, వాన కురియునా యని కొందరందురు. తీరదు, కురియదు. కాని యా రైతు కొన్ని వారములు చికిత్సకు పోయినపిదప నోటీసు విప్పి సంఘమునకు వచ్చెను. వాయిదాలు సవరింపబడినవి. అప్పు నేటికిని ఉన్నది. అతడు నిద్రించుచున్నాడు, లెక్క చూచుకొనుచున్నాడు.

2022లో ప్రారంభమైన టెలి మానస్ అను ప్రభుత్వ సహాయకేంద్రమునకు 14416 అను సంఖ్యతో రేయింబవళ్లు ఉచితముగా ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును. ఎరువుల ధరల పట్టిక ప్రక్కనే ఈ సంఖ్యను ప్రతి సంఘము గోడపై వ్రాయింపవలెను. వాయిదా తప్పిన సభ్యుని నలుగురిలో నిలదీయక, కార్యదర్శి ప్రత్యేకముగా పిలిచి యోగక్షేమము విచారింపవలెను. ఎవడైన బ్రదుకుపై విరక్తి మాటలాడినచో వానిని ఒంటరిగా విడువక, వెంటనే వైద్యశాలకు తోడ్కొనిపోవలెను. కార్యవర్గమువారు రాబోవు సమావేశముననే దీనిని తీర్మానింతురుగాక.