చదునుపాదాలు – మన కర్తవ్యం

బిడ్డ అరికాలు చదునుగా ఉన్నదని తెలియగానే ఖరీదైన బూట్లకై అప్పు చేయుట తగదని మా అభిప్రాయం. పసిపాపలందరి పాదాలూ చదునుగానే ఉండును. పెక్కుమందికి పదేళ్ల లోపున వంపు దానంతటదే ఏర్పడును. మునివేళ్లపై నిలిచినపుడు వంపు కనబడి, నొప్పి లేకున్నచో చికిత్స అక్కరలేదు. నొప్పి ఉన్నచో ఫిజియోథెరపీ నిపుణుని సలహాపై పిక్కలను సాగదీయుట, మునివేళ్లపై లేచుట, కాలివేళ్లతో గుడ్డను దగ్గరకు లాగుట సాధన చేయించవలెను. పాదం బిగుసుకొని ఉన్నచో వైద్యునికి తప్పక చూపవలెను.

కర్ణాటకలో 2,300 మంది బాలబాలికలను పరీక్షించి రావు, జోసెఫ్ అను వైద్యులు 1992లో ప్రకటించిన లెక్క ఆలోచింపజేయును: పాదరక్షలు ధరించువారిలో 8.6 శాతం, ధరించనివారిలో 2.8 శాతం చదునుపాదాలవారు. హఫీజ్‌పేటలో సిమెంటు పెరిగి మట్టినేల తరుగుచున్నది. మన మైదానంలో కొంత భాగమైనా మట్టిగానే ఉంచి, సాయంవేళ బస్తీ పిల్లలకు విడువవలెనని కళాశాల కమిటీకి మా మనవి.