వసారాలోని విద్యుత్ వృత్తి

చదువు ముగించిన విద్యార్థిని "ఇక నేమి చేసెదవు?" అని యడిగినచో ఉద్యోగమను మాటయే మొదట వినబడును. ఇంటి వసారాలో ఒక బల్ల, గోడకు ఆనించిన నిచ్చెన, సంచిలో టెస్టరు, కటింగ్ ప్లేయరు, వీనితో బ్రతికెదనని చెప్పువారు అరుదు. చెప్పినను ఇంటి పెద్దలు మొగము చిట్లింతురు. ఉర్దూలో 'హునర్' అను చక్కని మాట యున్నది. ఆ మాటను సభలలో మెచ్చుకొనెదము గాని, హునర్ గలవానికి పిల్లనిచ్చుటకు వెనుదీయుదుము.

అనంతసాగరము వంటి చోట ఈ వృత్తికి పని లేకపోలేదు. పెన్నపై సోమశిల జలాశయము ఈ మండలములోనిదే. పొలముల మోటార్లు, స్టార్టర్లు, కొత్త ఇండ్ల వైరింగు, పెండ్లి పందిళ్లు, దర్గాల గంధోత్సవ దీపములు, ఏడాది పొడవునా పిలుపులే. కొరతయైనది పని కాదు, సంతకము.

1956 నాటి భారత విద్యుత్ నియమములలో 45వది, వైరింగు పని లైసెన్సు గల గుత్తేదారు ద్వారా, యోగ్యతా పత్రము గల సూపర్‌వైజరు పర్యవేక్షణలో, పర్మిట్ గల పనివాని చేత జరుగవలెనని విధించెను. 2010లోను, మరల 2023లోను వచ్చిన కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు ఈ కట్టడిని నిలిపినవి. బల్బు మార్చుట, ఫ్యూజు వేయుట వంటివి మాత్రము మినహాయింపు. పర్మిట్ ఒకటి, యోగ్యతా పత్రము ఒకటి, గుత్తేదారు లైసెన్సు మరియొకటి. మన యువకుడు మొదటిదానితోనే ఆగిపోవుచున్నాడు. పని ఇతడు చేయును. ఇల్లు చూడనైన చూడని పట్టణపు లైసెన్సుదారు రుసుము పుచ్చుకొని నివేదికపై సంతకము చేయును. రేపు గోడలో షాకు కొట్టి బిడ్డకు ప్రాణాపాయము కలిగినచో ఊరివారు ఎవరిని నిలదీయుదురు? ఇతనినే. సంతకము పరునిది, నింద తనది! ఇది వృత్తి యనిపించుకొనదు, కూలి మాత్రమే యని మా దృఢాభిప్రాయము.

ఒంటరిగా పనిచేయువానికి అన్నిటికంటె కష్టమైనది "కాదు" అనుట. ఇంటి యజమాని, "ఎర్తు తరువాత చూతములే బాబూ, ముందు ఫ్యాను తిరుగనిమ్ము" అనును. వేసవిలో మెట్ట నేల ఎండినపుడు, ఉప్పు, బొగ్గు వేసి పాతిన ఎర్తు గొట్టము కూడ నీరు పోయనిదే సరిగా పనిచేయదు. ఇక ఎర్తే లేని ఇంటి మాట చెప్పవలెనా? 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరాను తెంచు పరికరము ఒకటి పెట్టించుటకు యజమాని బేరమాడును. గుమ్మానికి పాలిష్ పెట్టించుటకు బేరమాడడు. అట్టిచోట పని విడిచి వచ్చిన కుర్రవాడు ఆ దినము పస్తుండవచ్చును. అయినను విడిచి రావలెననియే మేమందుము. అందులకు చేతిలో నాలుగు రూకలు నిలువ యుండవలెను.

ఆ నిలువ చెడుచున్నది అప్పు వలన. వైరు, పైపు దుకాణములో ఖాతాకు తెచ్చును. రైతు "కోతలైన పిదప ఇచ్చెదనన్నా" అనును. సామాను వెల యజమానియే నేరుగా దుకాణమునకు చెల్లించి, ఇతనికి చేతిపని మాత్రము ఇచ్చు పద్ధతి మేలు. అంచనా వ్రాతపూర్వకముగా ఈయవలెను. ఈ రెండును మన వాణిజ్య శాస్త్ర విద్యార్థులు నేర్పగలవే.

కమిటీ పెద్దలకు మా మనవి యొకటి. 500 వోల్టుల మెగ్గరుతో ఒక నిమిషము పరీక్షించి, ఇన్సులేషన్ నిరోధము ఒక మెగోమునకు తగ్గలేదని చూపనిదే వైరింగు సరియైనదనుటకు వీలులేదు. ఆ మెగ్గరును, ఎర్తు టెస్టరును క్రొత్తగా పని మొదలిడినవాడు కొనలేడు. కళాశాల ఒక్కొక్కటి కొని, పూర్వ విద్యార్థులకు స్వల్పమైన అద్దెపై దినముల లెక్కన ఈయరాదా? సూపర్‌వైజరు పరీక్షకు సిద్ధపడువారికి సాయంకాలము ఒక గది తెరచి యుంచరాదా?

అన్నట్లు, ఈ యేటి వార్షికోత్సవ పందిరికి ఎర్తు వేయించిరా యని కూడ పెద్దలను అడుగుచున్నాము.