ఆ వార్త యెక్కడిది?

వార్తను వెదకికొని పోవుట పూర్వపు పద్ధతి. పత్రిక చదువవలెనన్నచో గ్రంథాలయమునకు పోవలెను. రేడియో వినవలెనన్నచో వేళకు దాని ముందు కూర్చుండవలెను. నేడు వార్తయే మనుష్యుని వెదకికొని వచ్చుచున్నది. చేతిలోని ఫోను తెరచుటయే తడవు, పెండ్లి ఫొటోల నడుమ, హాస్యపు బొమ్మల నడుమ, చీరల ప్రకటనల నడుమ దేశదేశముల సంగతులు వచ్చి నిలుచుచున్నవి. ఇది గొప్ప సౌకర్యమే, కాదనువారెవరు? అయితే వచ్చిన వార్తను ఎవరు పంపిరో, రావలసిన ఏ వార్తను ఎవరు గుమ్మములోనే ఆపివేసిరో అడుగకపోవుట సౌకర్యము కాదు, ఏమరుపాటు. ఆ ఏమరుపాటు ఎంతటిదో 2021వ సంవత్సరము ఫిబ్రవరి మాసములో ఆస్ట్రేలియా దేశమునకు ఒక్క ఉదయములో తెలిసివచ్చినది.

ఫిబ్రవరి 18వ తేదీ గురువారము. ఆనాటి ఉదయము ఫేస్‌బుక్ తెరచిన ఆస్ట్రేలియనులకు తమ పత్రికల పుటలు శూన్యముగా కనిపించినవి. ఆ దేశములో ఉన్నవారు ఏ వార్తాపత్రిక వార్తనైనను ఫేస్‌బుక్‌లో చూడరాదు, పంచరాదు. అది సిడ్నీ పత్రికయైనను, లండను పత్రికయైనను, తెలుగు పత్రికయైనను నియమము ఒక్కటే. అంతేకాదు, ఆస్ట్రేలియా పత్రికల వార్తలు ఫేస్‌బుక్‌లో ఇతర దేశములవారికి కూడ కనిపించరాదు. మెల్బోర్నులోని బిడ్డల ఊరి సంగతి ఆ మార్గమున తెలిసికొనదలచిన వారు హైదరాబాదులో ఉన్నను, విజయవాడలో ఉన్నను, వారికిని ఆ తలుపు మూసికొనినట్లే.

పత్రికలతో ఆగినచో అది వర్తక వివాదమై యుండెడిది. కాని పత్రికలపై విసిరిన వలలో ఇతరులు కూడ చిక్కుకొనిరి. వాతావరణశాఖ పుట మాయమైనది. క్వీన్స్‌లాండ్, దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రముల ఆరోగ్యశాఖల పుటలు మాయమైనవి. పశ్చిమ ఆస్ట్రేలియా అగ్నిమాపక శాఖ పుట, అనేక ధర్మసంస్థల పుటలు మాయమైనవి. తుదకు ఫేస్‌బుక్ సంస్థ సొంత పుట కూడ ఆ వేటు తప్పించుకొనలేదు! దక్షిణార్ధగోళములో ఫిబ్రవరి వేసవికాలము. అడవులు అంటుకొను ఋతువు. పైగా కోవిడ్ టీకాల కార్యక్రమము ఆ నెల 22న ఆరంభము కావలసియున్నది. ప్రభుత్వశాఖల పుటలను ఆపవలెనని తాము తలచలేదని సంస్థ చెప్పినది. వానిలో పెక్కింటిని ఆనాడే తిరిగి తెరచినది. అయినను ఎలుక మీది కోపముతో ఇంటికి నిప్పు పెట్టినట్లయినదని లోకము అనకపోలేదు.

ఇంతకును ఆ కోపమునకు కారణమేమి? పూర్వము పత్రికలు ప్రకటనల ఆదాయముతో విలేకరులకు జీతములిచ్చెడివి. ఆ ప్రకటనలు క్రమముగా అంతర్జాలమునకు తరలిపోయినవి. ఆస్ట్రేలియా ప్రభుత్వము ఇచ్చిన లెక్క ప్రకారము, చిన్న ప్రకటనలను మినహాయించినచో, అంతర్జాల ప్రకటనలపై వెచ్చించు ప్రతి 100 డాలర్లలో 53 గూగుల్‌కు, 28 ఫేస్‌బుక్‌కు చేరెడివి; తక్కిన లోకమునకు మిగిలెడివి 19. ఆ దేశపు పోటీ, వినియోగదారుల కమిషను ఈ విషయమును విచారించి 2019లో నివేదిక సమర్పించినది. దాని ఫలితముగా పుట్టినదే వార్తాసంస్థల బేరసారముల చట్టము. ఈ పెద్ద సంస్థలు వార్తలకు ప్రతిఫలముగా పత్రికలతో బేరము కుదుర్చుకొనవలెను. కుదరనిచో మధ్యవర్తి తీర్చును. ఆ తీర్పు పద్ధతి చిత్రమైనది. ఉభయపక్షములును చెరియొక మొత్తము చెప్పవలెను. మధ్యవర్తి ఆ రెంటిలో ఒకదానిని ఎన్నుకొనవలెను. నడిమి మాట లేదు. కనుక అత్యాశతో అడిగినవాడును, పిసినారితనముతో ఇవ్వజూపినవాడును నష్టపోవుదురు.

ఈ చట్టమునకు ఎదురు చెప్పినవారందరు స్వార్థపరులని అనుటకు వీలులేదు. పత్రికలు తమ వార్తలను తామే తెచ్చి మా కడ ఉంచుచున్నవి, పాఠకులను వారికి ఉచితముగా పంపుచున్నాము, అట్టిచో సొమ్ము మేమేల చెల్లించవలెనని ఫేస్‌బుక్ వాదించినది. తమ సభ్యులు చూచు విషయములలో వార్తలు నూటికి నాలుగు పాళ్లయినను లేవనియు చెప్పినది. ప్రపంచవ్యాప్త జాలమును సృష్టించిన టిమ్ బెర్నర్స్-లీ అంతటివాడు, ఒక పుట నుండి మరియొక పుటకు దారి చూపుటకే రుసుము విధించినచో ఆ జాలపు మూలసూత్రమే దెబ్బతినునని ఆస్ట్రేలియా సెనేటు సంఘమునకు వ్రాసి హెచ్చరించెను. రెండవ వైపు మాట కూడ తేలికైనది కాదు. న్యాయస్థానములో దినమెల్ల కూర్చుండి, పురపాలక సంఘపు లెక్కలు తిరుగవేసి, వరద నీటిలో నడచి ఒకడు వార్త తెచ్చుచుండగా, ఆ వార్త చుట్టును చేరిన జనము వలన వచ్చు లాభము వేరొకడు పొందుచున్నాడు. ఇట్లే సాగినచో వార్త తెచ్చువాడు ఎన్నాళ్లు నిలుచును?

నాలుగైదు దినములలో రాజీ కుదిరినది. 23వ తేదీన ప్రభుత్వము కొన్ని సవరణలకు అంగీకరించినది; 25న పార్లమెంటు చట్టమును ఆమోదించినది; 26న వార్తలు తిరిగి కనిపించినవి. పెద్ద పత్రికా సంస్థలకు ఒప్పందములు లభించినవి. నేడు తెలుగులో కూడ కార్యక్రమములు నిర్వహించుచున్న ఎస్.బి.ఎస్. ప్రసార సంస్థకు ఫేస్‌బుక్ అట్టి ఒప్పందమును నిరాకరించినది. 2024 మార్చిలో, అప్పటికి మెటా అను పేరు ధరించిన ఆ సంస్థ, ఇకమీదట ఆస్ట్రేలియాలో అట్టి ఒప్పందములు చేసికొనబోమని ప్రకటించినది. ఈ మధ్యలో కెనడాలో ఇట్టి చట్టమే రాగా, 2023 ఆగస్టు నుండి అచ్చట కూడ వార్తలను ఆపివేసినది. ఆ నెలలోనే కార్చిచ్చు సమీపించి, సుమారు 20,000 జనాభా గల యెల్లోనైఫ్ పట్టణము ఖాళీ చేయవలసివచ్చినది. ప్రాణములు అరచేత పట్టుకొని పోవుచున్నవారు కూడ పత్రికల వార్తలను అచ్చట ఒకరికొకరు పంచుకొనజాలకపోయిరి.

ఎవరు గెలిచిరి, ఎవరు ఓడిరి అను లెక్క వర్తకులకును శాసనకర్తలకును వదలవచ్చును. పాఠకుడు గమనింపవలసినది మరియొకటి కలదు. ఆస్ట్రేలియాలో ఆ ఎనిమిది దినములలో ఒక్క పత్రికయు మూతపడలేదు. పత్రికల సొంత జాలపుటలు యథాప్రకారము తెరచియే యున్నవి. రేడియో పలుకుచునే యున్నది. ముద్రణయంత్రములు తిరుగుచునే యున్నవి. మూతపడినది ఒకే ఒక తలుపు. అయినను వార్తయే నిలిచిపోయినంత కలవరము కలిగినది. కారణమేమనగా, జనులలో పెక్కుమంది ఆ ఒక్క తలుపునే వార్తాలోకముగా భావించుటకు అలవాటుపడిరి. శుభసూచకము కూడ ఒకటి కనిపించినది. జాతీయ ప్రసార సంస్థయైన ఏ.బి.సి. వారి వార్తల యాప్ ఆనాడు ఫోనులలోనికి అత్యధికముగా దింపుకొన్నవాని వరుసలో ముందుకు వచ్చినది. మరచిన దారిని జనులు మరల వెదకికొనిరన్నమాట.

ఇది దూరదేశపు ముచ్చట అని త్రోసివేయుటకు లేదు. తెలుగునాట ఏ తరగతిలోనైనను ఉపాధ్యాయుడు ఒక విద్యార్థిని, "ఈ సంగతి నీకెట్లు తెలిసినది?" అని అడిగినచో, "ఫోనులో వచ్చినది" అను సమాధానమే తరచుగా వచ్చుచున్నది. నీరెక్కడిదని అడిగినచో కుండలోనిది అన్నట్లున్నది ఆ మాట. కుండ నీటిని నిలువయుంచును గాని పుట్టింపదు. ఆ నీరు మంచినీటి బావిలోనిదో, మురుగుకాలువలోనిదో కుండను చూచి చెప్పుట అసాధ్యము. అట్లే ఫోను వార్తను చూపును. వార్తను కనిపెట్టి, సరిచూచి, తప్పైనచో దిద్దుకొనుటకు బాధ్యత వహించువాడు వేరొకడు. ఆ బాధ్యుడెవడో తెలియని వార్త, వినుటకు ఎంత ఇంపుగా నున్నను, వదంతియే.

దీనికి పెద్ద పథకములు, కొత్త పాఠ్యపుస్తకములు అక్కరలేదు. వారమునకొకసారి పది నిమిషములు చాలును. విద్యార్థులు తాము ఫోనులో చూచిన ఒక్క సంగతిని తీసికొని, దానిని మొదట ఎవరు వ్రాసిరి, ఏ నాడు వ్రాసిరి, వారికెట్లు తెలిసినది అను మూడు ప్రశ్నలతో వెనుకకు నడువవలెను. కొన్ని సంగతులు పత్రికకో, ప్రభుత్వ ప్రకటనకో, శాస్త్రజ్ఞుని వ్యాసమునకో చేరును. కొన్ని ఎచ్చటికిని చేరవు. ఎచ్చటికిని చేరనివి ఎన్ని ఉన్నవో బాలురు తమంతట తాము చూచినచో, ఆ పాఠమును ఉపన్యాసముతో బోధింప పనిలేదు.

ఈ భారమంతయు పాఠకునిపై మోపుట న్యాయమా అని కొందరు అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. పొద్దస్తమానము కూలి చేసి వచ్చినవాడు వార్త పుట్టిల్లు వెదకునంత తీరిక ఎచ్చట తెచ్చును? అందుచేత సంస్థలకును బాధ్యత కలదు. ప్రజలకు తెలియజేయవలసిన సంగతిని పరుల అరుగు మీద మాత్రమే ఉంచి ఊరకుండరాదు. విశాఖపట్టణములోని తుపాను హెచ్చరికల కేంద్రము చెప్పు మాట రేడియోలోను, పత్రికలోను, ఆ శాఖ సొంత పుటలోను దొరుకుచున్నది కనుకనే ఒక దారి మూసికొన్నను వేరొక దారి మిగులుచున్నది. పాఠశాలకు సెలవనియు, పరీక్ష వాయిదా పడినదనియు వాట్సాప్ గుంపులో మాత్రమే చెప్పి సరిపెట్టుకొను ప్రధానోపాధ్యాయులు ఈ విషయమును ఆలోచింపవలెను. ఫోను లేని తండ్రి బిడ్డకు ఆ సంగతి చేరుటకు పాఠశాల గోడమీది నోటీసు బల్ల నేటికిని అవసరమే.

ఫేస్‌బుక్ వంటివానిని విడిచిపెట్టుమని ఎవరును శాసింపజాలరు; అవి దూరపు బంధువులను దగ్గర చేసినవి, చిన్నవాని మాటను కూడ పదిమందికి వినిపించినవి. అయితే వాని యజమానులకు తమ తలుపు మూయు అధికారము ఎప్పుడును ఉన్నది. దానిని వారు ఆస్ట్రేలియాలో ఒకసారి, కెనడాలో మరియొకసారి వాడి చూపిరి. కనుక ఇంట ఎన్ని యంత్రములున్నను, పాఠశాలలో దినపత్రిక ఒకటి బల్లమీద నుండవలెను; దానిని తెరచి, వార్త క్రింద వ్రాసినవాని పేరు, ఊరి పేరు, తేదీ చూచు అలవాటు బాలురకు కలుగవలెను. ఆ అలవాటు కలవానికి ఒక తలుపు మూసికొన్నంత మాత్రమున వార్త ఆగిపోదు.