సొట్ట పడితే డోర్ మార్చాల్సిందేనా?

"ఎంత బాగుచేయించినా డోర్ మునుపటిలా ఉండదండీ. ఇన్సూరెన్స్ ఉందిగా, కొత్తది వేయించేయండి." పక్క బండి తగిలి సొట్టపడిన కారును షోరూముకు తీసుకెళ్తే దాదాపు అందరికీ ఇదే సలహా. బంధువులూ అదే అంటారు. ఈ సలహా తప్పు, పైగా నష్టం.

మామూలు సమగ్ర పాలసీలో మార్చిన లోహ భాగాల మీద బండి వయసును బట్టి తరుగు కోస్తారు. నాలుగేళ్లు దాటి ఐదేళ్లు నిండని కారుకు అది 35 శాతం. రబ్బరు, ప్లాస్టిక్ సామానుకు 50 శాతం. సొట్ట తీసిన కూలి మీద ఈ కోత లేదు. "నాది బంపర్ టు బంపర్" అనేవారికి తరుగు బాధ లేదు, నిజమే. కానీ వరసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపితే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతం దాకా దక్కే బోనస్, దాన్ని కాపాడే యాడ్-ఆన్ లేకపోతే, ఒక్క క్లెయిముతో సున్నా అవుతుంది. చేతి డబ్బుతో తీరిపోయే సొట్టకు దాన్ని ఎందుకు వదులుకోవాలి?

కొత్త డోర్ రంగేసి, అద్దం బిగించి వస్తుందని చాలామంది అనుకుంటారు. సాధారణంగా వచ్చేది ప్రైమర్ పూసిన ఉత్త చట్రం. రంగు ఇక్కడి బూత్‌లోనే వేయాలి. షేడ్ కలవకపోతే పక్క ఫెండర్‌కూ కొట్టాలి. పాతదాంట్లోంచి అద్దం, రెగ్యులేటరు, లాకు, వైరింగు ఊడదీసి ఇందులోకి మార్చాలి. లోపలి ట్రిమ్ వెనక నీళ్లు లోపలికి రాకుండా అంటించిన పల్చని పొర ఒకటి ఉంటుంది. దాన్ని సరిగా అతికించకపోతే గట్టి వానకు కాళ్లకింద మ్యాట్ తడుస్తుంది.

పుట్టీ మెత్తి పంపేస్తారన్న భయం అబద్ధం కాదు. మందంగా మెత్తితే పగులుతుంది. ఆ తప్పు చేతగాని పనివాడిది. విజయవాడ ఆటోనగర్‌లో పని తెలిసిన టింకరింగ్ మేస్త్రీని చూడండి. రేకు వెనక డాలీ అనే ఇనుప దిమ్మ ఆనించి, చిన్న సుత్తితో సొట్ట అంచుల నుంచి మధ్యకు తడుతూ వస్తాడు. వెనక చెయ్యి పట్టని చోట రేకుకు పిన్ను వెల్డ్ చేసి లాగుతాడు. కళ్లను నమ్మడు, అరచేత్తో నిమిరి ఎత్తుపల్లాలు పసిగడతాడు. ఆ తరువాతే పుట్టీ, అదీ పల్చగా. పుట్టీ పెట్టకముందు రేకు చూపించమని అడగండి, మంచి మేస్త్రీ ఏమీ అనుకోడు. రంగు చెదరని సొట్టైతే లోపలి నుంచి కడ్డీలతో నెట్టి పెయింట్ జోలికి పోకుండానే తీసేవాళ్లూ ఉన్నారు.

మార్చక తప్పని డోర్లూ ఉంటాయి. పక్కనుంచి గుద్దుకున్నప్పుడు మనల్ని కాచే ఉక్కు కడ్డీ డోర్ లోపల అడ్డంగా ఉంటుంది. అది వంగినా, కీళ్లు బిగించే చోటు నలిగినా, రేకు చిరిగినా మారుమాట లేకుండా మార్పించండి. వంగిన కడ్డీని సరిచేయించడం ప్రాణాలతో ఆట. కానీ ఆ కడ్డీ సంగతి బయటి సొట్ట చూసి ఎవరూ చెప్పలేరు.

అందుకే ఎస్టిమేట్ మీద సంతకం పెట్టే ముందు ట్రిమ్ విప్పించండి. కడ్డీని, కీళ్లను దగ్గరుండి చూడండి. అవి చెక్కుచెదరకుండా ఉండి, రేకు చిరగకపోతే డోర్ మార్చడానికి ఒప్పుకోకండి.