ఎండకు గాలి తీసే మూఢాచారం

జహీరాబాదు వద్ద, 65వ నంబరు జాతీయ రహదారి పక్కన మొన్న మధ్యాహ్నం కారు ఆపాను. పొద్దున 33 చూపిన టైరు మీటరు 37 చూపుతోంది. "ఎండాకాలం గదా సార్, నాలుగు పాయింట్లు తీసేద్దాం" అన్నాడు పంక్చరు షాపతను. వద్దన్నాను.

పరుగెత్తిన టైరులో గాలి వేడెక్కి పీడనం పెరగడం సహజం. కంపెనీ చెప్పే అంకె చల్లని టైరుకు. వేడి మీద తీసేస్తే చల్లారాక మిగిలేది లోటే. గాలి చాలని టైరు పక్కలు మరింత నలిగి, మరింత కాగి, పగులుతాయి. విరుగుడనుకున్నదే విషమన్నమాట!

ఈ మీటరూ, పంక్చరు కిట్టూ ఉన్న ట్యూబులెస్ కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని 2020లో కేంద్రం నిబంధన సడలించింది. పగిలిన టైరును ఏ కిట్టు అతుకుతుంది? మిత్రులారా, మీటరు కొనడం కాదు, చదవడం నేర్వాలి. పొద్దున్నే, బండి కదలకముందే గాలి చూడండి.