టైరుకూ పుట్టిన తేదీ ఉంటుంది



గత సంచికలో వేసవి ప్రయాణాల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. బ్యాటరీ, ఏసీ, కూలెంట్ గురించి చక్కగా రాసి, టైర్ల దగ్గరికొచ్చేసరికి ‘అరిగాయేమో చూసుకోండి’ అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. నా పేచీ ఆ ముక్కతోనే. అరిగిన టైరు కంటికి కనబడుతుంది కాబట్టి ఎవరో ఒకరు హెచ్చరిస్తారు. అరగకుండానే ముసలిదైన టైరు సంగతి ఎవరూ చెప్పరు.

నాకైనా ఇది తెలిసింది ఇంగ్లండులో. 2023 వేసవిలో మా అబ్బాయి దగ్గరికి వెళ్లాం. వాడు స్నేహితుడి దగ్గర పాత కారవాన్ ఒకటి కొన్నాడు. మంచం, పొయ్యి, చిన్న బాత్రూము అన్నీ ఉన్న గది, కింద చక్రాలు. ఇంజను ఉండదు, కారుకు తగిలించి లాక్కెళ్లాలి. వేల్స్ సముద్రతీరానికి బయల్దేరేముందు సర్వీసుకిస్తే, మెకానిక్ టైరు పక్కన గొంతుక్కూచుని చూసి, ఇవి మార్చందే కదలొద్దన్నాడు. నేనూ వంగి చూశాను. గ్రిప్పు నిన్న కొన్నట్టుంది. ‘అమ్ముకోడానికి చెప్తున్నాడ్రా’ అన్నాను మావాడితో. ఆ మెకానిక్‌కు తెలుగు రాకపోవడం నా అదృష్టం.

అతను టైరు పక్కభాగం మీద డాట్ అన్న అక్షరాల వెంట ఉన్న అంకెలు చూపించాడు. చివరి నాలుగూ 0914. అంటే 2014లో తొమ్మిదో వారంలో తయారైన టైరు. తొమ్మిదేళ్లది. అక్కడి కారవాన్ సంఘాలు ఐదేళ్లకు మార్చుకోవడం మేలని, ఏడేళ్లు దాటనివ్వొద్దని చెబుతాయట. తిరిగింది ఎంతన్న లెక్కే లేదు.

ఎందుకో అతను చెప్పిన తీరు నాకు నచ్చింది. రబ్బరును గాలిలోని ఆక్సిజన్, ఓజోన్, ఎండ కలిసి మెల్లగా గట్టిపరుస్తాయి. అందుకని తయారీలోనే రబ్బరులో కాపుదలకు మైనం లాంటి పదార్థాలు కలుపుతారు. టైరు తిరిగి నలుగుతుంటే అవి బాగా పైకి ఊరి పొరలా నిలుస్తాయి. కదలకుండా నిలబడ్డ టైరుకు ఆ రక్ష తగ్గుతుంది. కారవాన్ ఏడాదిలో పది నెలలు ఇంటిముందే ఉంటుంది, అదీ ఒకే చోట బరువు ఆనించి. వాడనిది పాడవదని మనం అనుకుంటాం, టైరు విషయంలో అది తిరగబడుతుంది.

పైగా కారవాన్ టైరు మోయగలిగినంతా మోస్తుంటుంది. కారు టైర్లకు ముప్పై చిల్లర సరిపోతే, మావాడి కారవాన్‌కు యాభై దాటి గాలి పట్టాలి. గాలి తగ్గితే టైరు పక్కభాగం ఎక్కువగా నలుగుతుంది, వేడెక్కుతుంది, లోపలి పొరలు విడతాయి. వెనక టైరు దిగిపోతున్నా ముందు కారు నడిపేవాడికి తెలియదు. తెలిసేటప్పటికి ముక్కలై గది అడుగును చీల్చుకుని రావచ్చు.

మార్చిన టైర్లతోనే వెళ్లొచ్చాం. దారిలో లనెల్లి అనే ఊరు తగిలింది. మనం స్టెప్నీ అంటామే, ఆ మాట పుట్టింది ఆ ఊళ్లోని స్టెప్నీ వీధిలో. నూట ఇరవై ఏళ్ల కిందట అక్కడే అదనపు చక్రం తయారుచేసి అమ్మారు. వాళ్లేమో ఆ మాట మర్చిపోయి ‘స్పేర్’ అంటున్నారు, మనం పట్టుకుని వేలాడుతున్నాం.

తిరిగొచ్చి విజయవాడలో నా కారు చూసుకున్నాను. పెన్షనరును. గుడికి, ఆసుపత్రికి, ఏడాదికి రెండు పెళ్లిళ్లకు తప్ప బయటికి తీయను. ఎనిమిదేళ్లలో పద్నాలుగు వేల కిలోమీటర్లు. గ్రిప్పు భేషుగ్గా ఉంది. పక్కభాగం తుడిచి కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే చెరువు ఎండినప్పటి నెరియల్లాగా సన్నటి పగుళ్లు. మా అపార్ట్‌మెంటు సెల్లారులో ఇలాంటి కార్లు కనీసం పది ఉంటాయి. పిల్లలు అమెరికా నుంచి వచ్చినప్పుడు వాడతారని ఉంచినవి. వాళ్లు వచ్చీ రాగానే అందరినీ ఎక్కించుకుని, మే నెల ఎండలో, హైదరాబాదు హైవే మీద వందకు తగ్గకుండా పోతారు.

అరగని టైరు పారేయడం దుబారా కాదా అంటే, నాకూ ప్రాణం ఒప్పలేదు, అయినా మార్చాను. అమ్మేవాళ్ల మాట పూర్తిగా నమ్మమనీ అనను. కొత్తవని నాకు అంటగట్టిన నాలుగింటిలో ఒకటి అప్పటికే మూడేళ్ల పాతది, అంకెలు చదవడం వచ్చింది కాబట్టి తిప్పి పంపాను. మిషెలిన్ లాంటి కంపెనీ కూడా ఐదేళ్లు దాటాక ఏటా ఒకసారి చూపించుకోండని, పదేళ్లకు మాత్రం తప్పక మార్చండని అంటుంది. నా మట్టుకు నేను, మన ఎండలకు, ఏడు దాటనివ్వను.

గాలి సంగతి ఒకటి. ఎండాకాలం టైరు పేలుతుందని గాలి తగ్గించి పట్టించేవాళ్లు మనలో చాలామంది. చేయాల్సిందానికి సరిగ్గా వ్యతిరేకం అది. గాలి తగ్గినకొద్దీ టైరు మరింత వేడెక్కుతుంది. బంకులో అబ్బాయి ‘ఎంత సార్?’ అంటే నోటికొచ్చింది చెప్పకండి. డ్రైవరు తలుపు తీస్తే ఫ్రేము మీద స్టిక్కరు ఉంటుంది, ఎంత బరువుకు ఎంత గాలో దాని మీదే రాసి ఉంటుంది. టైరు మీద ముద్రించిన అంకె గరిష్ఠ పరిమితి, పట్టించమన్న లెక్క కాదు. బండి చల్లగా ఉన్నప్పుడు, పొద్దున్నే కొలవాలి. నైట్రోజన్‌కు డబ్బులు పోయడం మీ ఇష్టం, మామూలు గాలిలో నూటికి డెబ్బై ఎనిమిది పాళ్లు అదే.

ఇక నేను అడగదలచింది. బ్రిటన్‌లో 2012లో సంగీతోత్సవం నుంచి తిరిగొస్తున్న బస్సు సర్రేలో ప్రమాదానికి గురై ముగ్గురు చనిపోయారు. ముందు టైరు పంతొమ్మిదేళ్లది. గ్రిప్పు ఉంది కాబట్టి చట్టం ప్రకారం తప్పు కాదు. కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి ఏళ్ల తరబడి పోరాడింది. 2021 ఫిబ్రవరి 1 నుంచి బస్సులు, లారీల ముందు చక్రాలకు పదేళ్లు దాటిన టైర్లు నిషేధించారు. కారవాన్లను, కార్లను అందులో చేర్చలేదు, అది వాళ్ల లోపం.

మన దగ్గర సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. ఆ లోపు ఫిట్‌నెస్ అంటూ పిలిచేవాళ్లు లేరు. కానీ పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం ఏటా ఎక్కడో ఒకచోట బండి ఆపుతాం కదా. పొగ చూసే కుర్రాడే వంగి ఐదు టైర్ల నాలుగేసి అంకెలు ఆ కాగితం మీద రాస్తే ఐదు నిమిషాల పని. కొత్త టైరు బిల్లు మీద కూడా తయారైన వారం వేయాలి. రవాణా శాఖ ఇందుకు పూనుకోవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఐదు టైర్లన్నాను, నాలుగు కాదు. మా పక్కింటాయనది 1998 నాటి మారుతి 800. పదిహేనేళ్లు నిండాక మూడుసార్లు రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నాడు. మొన్న డిక్కీ తెరిపించి స్టెప్నీ చూశాను. చివర మూడే అంకెలున్నాయి. రెండువేల సంవత్సరం ముందు చేసిన టైర్లకు మూడే వేసేవారు. గాలి నిండుగా ఉందంటూ ఆయన దాన్ని గర్వంగా తట్టి, మళ్లీ డిక్కీ మూశాడు.

— ఒక పాఠకుడు, విజయవాడ