ఒక్క చెయ్యి మీద టీమ్ బరువంతా మోపొద్దు

పోస్టు కొంచెం పొడుగైంది, ఓపికతో చదవండి. ఈ సంవత్సరం కాలేజీ బేస్‌బాల్ టీమ్‌లోకి వచ్చిన మన పిల్లోళ్లు మాత్రం చివరిదాకా చదవాల.

మొన్న సాయంత్రం కల్లూరులో జూనియర్ల ప్రాక్టీస్ చూడ్డానికి పోయినా. సీజన్ ఇంకా మొదలు కాలేదు, అప్పుడే లైనప్ రాసి పెట్టుకున్నారు. పిచ్చర్ ఎవరప్పా అంటే ఒక్క పేరే చెప్పినారు. మన తండా పిల్లోడే. సంతోషం. మరి రెండో పిచ్చర్ ఎవరు అంటే ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు. "వానికేం కాదులే అన్నా, చిన్నప్పటి నుంచి చేన్లో పని చేసిన చెయ్యి" అన్నారు. ఆ మాట నన్ను పట్టుకుంది. ఎందుకంటే నేనూ ఒకప్పుడు అదే మాట అన్నోణ్ణే.

నేను చదివేటప్పుడు క్యాచర్‌ని. మా పిచ్చర్ సుగాలి పిల్లోడు, నా రూమ్మేట్. సీజన్‌లో మొదటి టోర్నమెంట్ మూడు రోజులు, మూడు మ్యాచ్‌లు. మూడు రోజులూ వాడే వేసినాడు. రెండో రోజు సగం నుంచే బంతి నా గ్లౌజ్‌కి చేరకముందే కిందికి దిగుతాండె. వేసేటప్పుడు వాని మోచెయ్యి జారుతాండె. ఇది అందరికంటే ముందు క్యాచర్‌కే తెలుస్తుంది. నాకు తెలిసింది. పోయి అడిగితే "ఏం లేదులేరా, పోయి కూర్చో" అన్నాడు. యూనివర్సిటీ టీమ్‌కి సెలెక్ట్ అయితే సర్టిఫికెట్ వస్తుంది, రేపు స్పోర్ట్స్ కోటాకు పనికొస్తుందని వాని ఆశ. గెలుస్తున్నాం కదా అని నేనూ నోరు మూసుకున్నా. మూడో రోజు మధ్యలోనే చెయ్యి పట్టుకొని కూలబడినాడు. మళ్లీ ఎప్పుడూ పిచ్చింగ్ చెయ్యలేదు.

వాళ్ల ఇంట్లో వాళ్లు ఏటా మిరపకాయ కోతలకు గుంటూరు దిక్కు పోతారు. ఇప్పుడు వాడు కూడా పోతాడు. బస్తా ఎత్తాలంటే ఎడమ చెయ్యి ముందు పెడతాడు. కూలి మీద బతికే ఇంట్లో చెయ్యి పాడైతే పోయేది ఆట ఒక్కటే కాదు.

క్రికెట్ చూసి పెరిగినోళ్లకు ఇది అర్థం కావాలంటే కొంచెం చెప్పాల. ఫాస్ట్ బౌలర్ పరుగెత్తుకుంటూ వచ్చి, చెయ్యి చాచి వేస్తాడు. ఒక ఓవర్ వేసినాక ఇంకో పక్క నుంచి ఇంకొకడు వేస్తాడు. బేస్‌బాల్ పిచ్చర్‌కి పరుగు ఊపు లేదు. మౌండ్ మీద నిలబడి, 60 అడుగుల 6 అంగుళాల దూరంలో ఉన్న ప్లేట్ మీదికి, మోచెయ్యి మడిచి విసరాల. అవతల టీమ్‌లో ముగ్గురు అవుటయ్యేదాకా మధ్యలో ఓవర్ మారేది ఉండదు. ఆ ఒత్తిడి భుజం మీద, మోచేతి లోపలి లిగమెంట్ మీద పడుతుంది. ఆ లిగమెంట్ తెగితే ఆపరేషన్ చేయొచ్చని తెలిసిందే 1974లో. అమెరికాలో టామీ జాన్ అనే పిచ్చర్‌కి డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదట చేసినాడు. టామీ జాన్ మళ్లీ ఆడింది 1976లో. అంత ఖర్చు, అంత కాలం మన ఇండ్లల్లో ఎవరు భరిస్తారు?

అందుకే అమెరికాలో మేజర్ లీగ్ బేస్‌బాల్ వాళ్లు, యూఎస్ఏ బేస్‌బాల్ వాళ్లు కలిసి 2014లో పిచ్ స్మార్ట్ అని లెక్కలు పెట్టినారు. 17, 18 ఏండ్ల పిల్లోడు రోజుకు 105 బంతులు దాటొద్దు. 19 నుంచి 22 ఏండ్లోడు 120 దాటొద్దు. 30 లోపల వేస్తే మరుసటి రోజు వేయొచ్చు. 31 నుంచి 45 అయితే ఒక రోజు రెస్టు, 46 నుంచి 60 అయితే రెండు రోజులు, 61 నుంచి 80 అయితే మూడు రోజులు.

ఇప్పుడు మన లెక్క చూడండి. ఇన్నింగ్స్‌కు సుమారు 15 బంతులు అనుకుంటే 9 ఇన్నింగ్స్‌కు 135. ఏడే ఆడినా 105. అంటే ఒక్కడు మ్యాచ్ మొత్తం వేస్తే ఆ ఒక్క రోజుకే హద్దు మీద ఉన్నాడు. ఇద్దరు పంచుకొని ఒకడు 75, ఒకడు 60 వేసినా, తర్వాతి రెండు రోజులు ఇద్దరూ బంతి ముట్టుకోకూడదు. మూడు రోజుల టోర్నమెంట్‌కి ఆరుగురు కావాల. మా టీమ్‌లో వేసింది ఒక్కడు.

"ఉన్నదే పద్నాలుగు మంది, ఆరుగురు పిచ్చర్లను యాడ నుంచి తెస్తాం?" అని అడుగుతారు, తెలుసు. కొత్తోళ్లు అక్కర్లేదు. అవుట్‌ఫీల్డ్ నుంచి నేరుగా హోమ్‌కి విసిరేటోడు, షార్ట్‌స్టాప్, థర్డ్ బేస్, వీళ్ల చేతుల్లో బలం ఉంది. స్పీడ్ కాదు, స్ట్రైక్ పడాల. ఇప్పటి నుంచే ప్రాక్టీస్‌లో ఒక్కొక్కరి చేత ఇరవై బంతులు వేయించి, మెల్లగా పెంచండి. ప్రాక్టీస్ మ్యాచ్‌లు ఉన్నది దీనికే. వాటిలో ఓడిపోయినా పర్వాలేదు. మంచి పిచ్చర్ బ్యాటింగ్ కూడా బాగా చేస్తాడంటారా, వేయని రోజు వాణ్ణి డిజిగ్నేటెడ్ హిట్టర్‌గా పెట్టండి. చెయ్యికి రెస్టు దొరుకుతుంది, బ్యాట్ లైనప్‌లో ఉంటుంది.

ఇంకో మాట. ఉత్తరప్రదేశ్ పల్లెల నుంచి వచ్చిన ఇద్దరు జావెలిన్ పిల్లోళ్లు, రింకూ సింగ్, దినేష్ పటేల్, 2008లో పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్నారు. మనలాంటోళ్ల చెయ్యికి అంతదాకా పోయే దారి ఉందని వాళ్లు చూపించినారు. కానీ కోచ్‌లు, డాక్టర్లు వెంట ఉన్నా రింకూ గాయాలతో సీజన్లు పోగొట్టుకున్నాడు. లెక్కే పెట్టని చోట మనోళ్ల సంగతేంది?

"ట్రైబల్ పిల్లోళ్లు గట్టోళ్లు" అనే మాట మెచ్చుకోలు మాదిరి ఉంటుంది. నిజానికి అది మన నొప్పిని ఎవరూ అడగకుండా చేసే మాట. ఆ మాట మనమే అనుకోవడం ముందు మానాల.

ఈ వారమే మూడు పనులు చేయండి. ఒకటి, నోట్‌బుక్ తీసుకొని ప్రతి పిచ్చర్ వేసిన ప్రతి బంతి గీత పెట్టండి, ప్రాక్టీస్‌లో కూడా. రెండు, ఆ లెక్క పీడీ సార్‌కి చూపించి ఇంకో ఐదుగురికి పిచ్చింగ్ అడగండి. మూడు, క్యాచర్ తమ్ముడూ, బంతి దిగుతా ఉంటే టైమ్ అడిగి చెప్పు. నీ పిచ్చర్ తిట్టినా చెప్పు. సార్‌తో మాట్లాడ్డానికి భయమైతే ఈ గ్రూపులో మెసేజ్ పెట్టండి, నేనొస్తా. నేను చెప్పాల్సిన రోజు చెప్పలేదు.